ఇరుసులు పెరిగాయి - నేల మీద బరువు తగ్గిందా?

డెన్మార్కు, హాలెండు, ఐర్లండు, జర్మనీ దేశాల పాడిరైతుల మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న సమస్య ఒకటుంది. పేడ స్లర్రీ తోలే ట్యాంకరు చేలో దిగితే నేల బిగిసిపోతోంది. అలా కాకుండా ఉండాలంటే ట్యాంకరు ఇరుసు మార్చాలంటున్నారు. ఎట్లా మార్చాలి? ఒక ఇరుసు తీసి రెండు వెయ్యాలా, మూడు వెయ్యాలా? టైరు వెడల్పు చెయ్యాలా? వెనక చక్రాలు ముందు చక్రాల గాడిలోనే నడవాలా, పక్కగా నడవాలా? మన వ్యవసాయ కూలీలకు ఇదంతా ఎక్కడో చలిదేశాల గొడవగా తోచవచ్చు. కాని కోతమిషను దిగి పోయిన మాగాణిలో గాడి పొడుగునా మినుము ఎందుకు గిడసబారిందో తెలుసుకోవాలనుకునే వారికి ఈ ట్యాంకరు సంగతి పనికొస్తుంది.

ముందు స్లర్రీ అంటే ఏమిటో చూద్దాం. మనకు పశువుల ఎరువంటే పెంటకుప్ప. పేడా, గడ్డీగాదం కలిసి మాగిన ఎరువు. వేసవిలో, నేల రాయిలా ఎండి ఉన్నప్పుడు, బండ్ల మీద తోలి కుప్పలు పోస్తాం. ఆ దేశాల్లో చలికాలం నాలుగైదు నెలలు పశువులు కొట్టం దాటి రావు. కొట్టంలో గచ్చుకు సందులుంటాయి. ఆ సందుల గుండా పేడ, ఉచ్చ, కడిగిన నీళ్లు కలిసి కింది తొట్టిలోకి దిగుతాయి. మన గోబర్ గ్యాస్ ప్లాంటు పక్క గుంటలో పడే జావలాంటిదే అది. ఐర్లండు ప్రభుత్వ లెక్క ప్రకారం పాలిచ్చే ఆవు వారానికి 330 లీటర్ల స్లర్రీ ఇస్తుంది. వంద ఆవులున్న రైతు 16 వారాలు నిలవ చేశాడనుకోండి, 528 ఘనపు మీటర్లవుతుంది. ఘనపు మీటరు స్లర్రీ ఇంచుమించు టన్ను తూగుతుంది. అంటే ఐదువందల టన్నుల పైచిలుకు జావ తొట్టిలో నిండి, చేలోకి పోవడానికి సిద్ధంగా ఉంటుందన్నమాట.

అది ఎప్పుడు పోవాలి? ఇక్కడే చిక్కంతా ఉంది. చలికాలంలో చల్లిన స్లర్రీలోని నత్రజని వానకు కొట్టుకుపోయి వాగుల్ని, బావుల్ని పాడుచేస్తుంది. అందుకని 1991లో యూరపు దేశాల కూటమి నైట్రేట్ల చట్టం తెచ్చింది. దాని ప్రకారం చలికాలంలో స్లర్రీ చల్లడం నిషేధం. ఆ చట్టాన్ని తప్పుపట్టడానికి లేదు, తాగేనీళ్లు ముఖ్యం. అయితే గడువు ముగిసే నాటికి అందరి తొట్లూ అంచుదాకా నిండి ఉంటాయి. గడ్డి అప్పుడే చిగురు వేస్తుంటుంది, నత్రజని దానికి అప్పుడే కావాలి. నేల మాత్రం మంచు కరిగిన నీళ్లతో, వాననీళ్లతో నానిపోయి ఉంటుంది. అదును వచ్చింది గాని పదును రాలేదు. తొట్టి పొంగిపోతుంటే నేల ఆరేదాకా ఆగేదెవరు? నానిన నేల మీదికే ట్యాంకరు దిగుతుంది.

ఇక ఇరుసు సంగతి. దీన్ని మన ఎడ్లబండితో మొదలుపెడితే సులువుగా బోధపడుతుంది. కర్రచక్రాల బండికి ఇనుప పట్టా రెండంగుళాలు ఉంటుంది. బురదలో కత్తిలా దిగుతుంది. లోతైన గాడి పడుతుంది. కాని ఆ బండి మోసేది మహా అయితే టన్ను సరుకు. పైన గాడి పడినా, కింద మూరెడు లోతున ఉన్న నేలకు ఆ బరువు తెలియదు. మరుసటి దుక్కిలో ఆ గాడి చెరిగిపోతుంది. ఇప్పుడు గజం వెడల్పు టైరున్న పెద్ద ట్యాంకరును చూడండి. దాని కింద గాడి అంతగా కనిపించదు. గడ్డి కొంచెం నలుగుతుంది, అంతే. చూసిన రైతు "ఫర్వాలేదు, నేలకేమీ కాలేదు" అనుకుంటాడు. కాని దెబ్బ తగిలింది లోపల.

కారణం ఏమిటంటే, నేల మీద చక్రం చేసే ఒత్తిడిలో రెండు లెక్కలున్నాయి. పై జానెడు నేల ఎంత నలుగుతుందనేది ముఖ్యంగా టైరులో గాలి మీద ఆధారపడుతుంది. గాలి తక్కువైతే టైరు పరుచుకుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది. కాని లోపలి నేల నలిగేది ఆ చక్రం మోసే మొత్తం బరువు మీద ఆధారపడుతుంది. బరువు నేలలోకి ధాన్యపు రాశి మాదిరిగా, కిందికి పోయేకొద్దీ పరుచుకుంటూ దిగుతుంది. రాశి కొసను ఎంత నున్నగా, వెడల్పుగా చేసినా, గింజలు అన్నే ఉన్నప్పుడు అడుగున పడే భారం మారదు కదా.

ఈ లెక్కను డెన్మార్కు శాస్త్రవేత్త పెర్ షోనింగ్, ఆయన సహచరులు 2012లో ఒక సులువైన సూత్రంగా చెప్పారు. తడినేలలో 50 సెంటీమీటర్ల లోతున - మూరకు రెండంగుళాలు ఎక్కువ - చదరపు సెంటీమీటరుకు అరకిలోకు మించి ఒత్తిడి పడకూడదు. చక్రం మీద ఒక టన్ను బరువు పెరిగితే ఆ అరకిలో ఒత్తిడి మరో 8 సెంటీమీటర్లు లోతుకు దిగుతుంది. టైరులో గాలి రెట్టింపు చేస్తే కూడా మరో 8 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ లెక్కన, టైరులో గాలి ఎంత జాగ్రత్తగా తగ్గించినా, తడినేల మీద ఒక్కో చక్రం మూడు, మూడున్నర టన్నులకు మించి మోయకూడదు.

లోపలి నేల బిగిస్తే ఏమవుతుంది? వానపాములు చేసిన బెజ్జాలు, పాత వేళ్లు కుళ్లి మిగిల్చిన సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. నీరు కిందికి ఇంకదు. గాలి ఆడదు. వేరు ఆ పొర దాకా పోయి పక్కకు తిరుగుతుంది. చల్లిన ఎరువులోని నత్రజని గాలి ఆడని నేలలో వాయువుగా మారి ఎగిరిపోతుంది. పై జానెడును నాగలి విప్పుతుంది. అడుగున ఉన్నదాన్ని ఎవరు విప్పాలి? దక్షిణ స్వీడన్‌లో ఒక చేలో 1995లో చక్కెర దుంపలు తవ్వే భారీ యంత్రాన్ని, చక్రానికి పది టన్నుల పైన బరువుతో, నాలుగు సార్లు నడిపించారు. 14 ఏళ్ల తర్వాత తవ్వి పరీక్షిస్తే ఆ నలుగుడు లోపల ఇంకా అలాగే ఉంది. అక్కడ ఏటా నేల గడ్డకట్టి కరుగుతుంది, అయినా విప్పుకోలేదు. ఒక మనిషి పని చేయగలిగిన కాలంలో మూడోవంతు దాకా ఒక్కరోజు పని నష్టం నిలిచిపోయిందన్నమాట.

కాబట్టి ఇరుసు మార్చాలన్న ఆలోచన వట్టి మోజు కాదు. దానిలో పని ఉంది. పాతరకం ఐర్లండు ట్యాంకరు ఒకే ఇరుసు, రెండు చక్రాలు. రెండు వేల గ్యాలన్లు పడుతుంది, అంటే 9 టన్నులు. ఖాళీ ట్యాంకు మరో 3 టన్నులు అనుకుందాం. మొత్తం పన్నెండింటిలో రెండు టన్నులు ట్రాక్టరు హుక్కు మీద పడితే, మిగిలిన 10 టన్నులు రెండు చక్రాల మీద. చక్రానికి 5 టన్నులు. ఇది ఎక్కువే. ఇప్పుడు అదే ట్యాంకుకు రెండో ఇరుసు పెట్టించామనుకోండి. ఇరుసూ చక్రాలూ కలిసి మరో టన్ను పెరుగుతుంది. 11 టన్నులు నాలుగు చక్రాల మీద, చక్రానికి రెండుంముప్పావు టన్నులు. నేల ఓర్చుకునే హద్దులోకి వచ్చింది. అరకిలో ఒత్తిడి దిగే లోతు 18 సెంటీమీటర్లు తగ్గింది. చిన్న లాభం కాదు.

ఇరుసు పెట్టగానే పని అయిపోదు. గట్టు ఎక్కినప్పుడు ముందు చక్రం లేస్తే బరువంతా వెనక దాని మీద పడుతుంది. అందుకని రెండు ఇరుసుల్నీ తూకం పట్టేలా కలపాలి. కమాన్‌పట్టాలతో కొందరు, నూనె ఒత్తిడితో నడిచే జాకీలతో కొందరు ఈ పని చేస్తున్నారు. రెండో చిక్కు మలుపులో వస్తుంది. రెండు ఇరుసులు బిగించిన బండి చేను చివర తిరిగేటప్పుడు వెనక చక్రాలు పక్కకు ఈడ్చుకుపోతాయి, గడ్డి వేళ్లతో సహా లేస్తుంది. అందుకని వెనక ఇరుసు చక్రాలు కూడా మలుపుకు తగ్గట్టు తిరిగేలా చెయ్యాలి. పెద్ద టైరు పెడితే బండి వెడల్పు పెరిగి రోడ్డు మీద ఇబ్బంది. దానికి ఐర్లండు వర్క్‌షాపుల్లో ట్యాంకు పొట్టకు రెండు పక్కలా నొక్కు చేసి చక్రాన్ని ఆ నొక్కులోకి దించుతారు. ట్యాంకు ఎత్తు కూడా తగ్గి పక్కవాలు మీద బోల్తాపడే భయం తగ్గుతుంది. మన కమ్మరి చూస్తే మెచ్చుకునే పనే.

గాలి సంగతి మరొకటి. చేలో 15 పౌండ్ల గాలి చాలు. అదే టైరుతో, అదే బరువుతో రోడ్డు మీద వేగంగా పోవాలంటే 45, 60 పౌండ్లు కావాలి. లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. చేను రోడ్డుకు దూరంగా ఉంటే ప్రతి ట్రిప్పుకూ గాలి తీసి, మళ్లీ పట్టేదెవరు? డ్రైవరు సీటులో కూర్చుని గాలి తగ్గించి పెంచే ఏర్పాటు రెండో ప్రపంచ యుద్ధంలోనే అమెరికా సైన్యపు నీటిబండ్లకు పెట్టారు, ఇసుక ఒడ్డు ఎక్కడానికి. అదిప్పుడు ట్యాంకర్లకూ వచ్చింది. 60 నుంచి 15కు దించితే రెండుసార్లు సగం చేసినట్టు, అంటే సూత్రం ప్రకారం 16 సెంటీమీటర్ల మేలు. ఖరీదు మాత్రం చిన్నరైతు భరించేది కాదు.

ఒక గాడి మీద ఎన్ని చక్రాలు నడుస్తాయన్నది కూడా చూడాలి. ట్రాక్టరు రెండు చక్రాలు, వెనక ట్యాంకరువి మూడు, వరసగా ఒకే గాడిలో పోతే ఆ నేల ఒక్క ట్రిప్పులో అయిదుసార్లు నలిగినట్టు. డెన్మార్కు ప్రయోగాల్లో ఇలా పదేపదే నడవడం వల్ల నష్టం పోగుపడుతుందని తేలింది. చక్రం మీద బరువు ఎక్కువున్నా ఒక్కసారే నడిచిపోయిన యంత్రం కంటే, తక్కువ బరువుతో వరసగా నడిచిన బండే ఎక్కువ చెడగొట్టిన సందర్భాలున్నాయి. దీనికి విరుగుడుగా కొన్ని యంత్రాలు పీత నడక నడుస్తాయి. ముందు చక్రాలు ఒక గాడిలో, వెనకవి కొంచెం పక్కగా మరో గాడిలో. మూడే చక్రాలతో, దేని దారి దానిదే అన్నట్టు నడిచే స్లర్రీ బండ్లు హాలెండులో తయారవుతున్నాయి. ఇరుసును చేలో దిగాక పక్కకు సాగేలా చేసిన వాళ్లూ ఉన్నారు. అయితే ఇందులో ఒక బేరం ఉంది. లోతుగా కొద్దిచోట నలగాలా, తేలిగ్గా చేనంతా నలగాలా? చక్రం బరువు హద్దులో ఉంటేనే చేనంతా పరచడం మేలు. హద్దు దాటాక పరిస్తే, చేనంతా చెడినట్టే.

ఇంతవరకూ బాగుంది. మరి ఇన్నేళ్లుగా ఇన్ని ఇరుసులు పెరిగాయి కదా, నేల మీద బరువు తగ్గిందా? తగ్గలేదు. ఎందుకో లెక్క చూడండి. రెండో ఇరుసు వచ్చింది గనుక ట్యాంకు పెద్దది చేయవచ్చునన్నారు. మూడున్నర వేల గ్యాలన్ల ట్యాంకు వచ్చింది. అంటే 16 టన్నుల స్లర్రీ. ఖాళీ బండి 6 టన్నులు, మొత్తం 22. హుక్కు మీద 3 పోతే 19 టన్నులు నాలుగు చక్రాల మీద. చక్రానికి అయిదుకు పావు తక్కువ! మొదటి ఒంటి ఇరుసు బండి దగ్గరికే తిరిగి వచ్చాం. రెండో ఇరుసు తెచ్చిన లాభమంతా ట్యాంకు తాగేసింది. మూడో ఇరుసు వచ్చాక కూడా జరిగింది ఇదే.

ఇది తెలియక జరిగింది కాదు. మనం చెప్పుకున్న వంద ఆవుల రైతు తొట్టి ఖాళీ కావాలంటే 9 టన్నుల ట్యాంకరు 59 ట్రిప్పులు తిరగాలి. 16 టన్నులదైతే 33 ట్రిప్పులు చాలు. అక్కడ చాలాచోట్ల ఈ పని చేసేది రైతు కాదు, అద్దె యంత్రాల కాంట్రాక్టర్లు. ట్రిప్పు తగ్గితే డ్రైవరు కూలి తగ్గుతుంది, డీజిలు తగ్గుతుంది, మూడు బండ్ల పని రెండింటితో అవుతుంది. ఆ మిగులు కాంట్రాక్టరుకు వెంటనే చేతికి వస్తుంది. లోపలి నేల బిగిసిన నష్టం ఏ బిల్లులోనూ ఉండదు. అది ఏటా కొంచెం కొంచెంగా పంటలో కోసుకుపోతుంది, అదీ చేనుగల వాడికో, కౌలుదారుకో. నేల తడిగా ఉందని తెలిసినా డ్రైవరు ఆగలేడు. ఆగితే బండి ఆగుతుంది, ఆ రోజు కూలి ఆగుతుంది.

థామస్ కెల్లర్, డానీ ఓర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2022లో కోతమిషన్ల బరువు లెక్కగట్టారు. 1958లో నిండు కోతమిషను 4 టన్నుల దగ్గర ఉండేది. 2020 నాటికి పెద్దవి 36 టన్నులకు చేరాయి. టైర్లు కూడా పెరిగాయి గనుక పైనేల మీద ఒత్తిడి దాదాపు మారలేదు. లోపలి నేల మీద మాత్రం పెరుగుతూనే పోయింది. ఒకప్పుడు భూమి మీద తిరిగిన అతిపెద్ద రాక్షసబల్లుల బరువుకు నేటి యంత్రాలు చేరువవుతున్నాయని వాళ్లు పోల్చారు. ప్రపంచపు సాగుభూమిలో ఐదోవంతుకు ఈ ముప్పు ఉందని అంచనా. టైరు కంపెనీ ప్రకటనలో కనిపించేది పైనేల సంగతి మాత్రమే.

చట్టం లేదా అంటారు. రోడ్డుకు ఉంది. యూరపులో సరుకు బండి మామూలు ఇరుసు మీద 10 టన్నులకు మించి ఉండరాదు. తారు పగులుతుంది గనుక ఆ జాగ్రత్త. నేలకు అలాంటి అంకె ఏదీ లేదు. 1998 నాటి జర్మనీ నేల రక్షణ చట్టం, నేల తడినీ యంత్రం ఒత్తిడినీ గమనించి వీలైనంత వరకు బిగిసిపోకుండా చూడాలంటుంది. వీలైనంత ఎంత? చెప్పదు. 2025లో యూరపు పార్లమెంటు ఆమోదించిన నేల పర్యవేక్షణ చట్టం కూడా నేలను కొలవమంటుందే గాని, చక్రం మీద ఇంతకు మించరాదని అనదు.

ఇరుసు గొడవే లేకుండా చేసే దారి ఒకటి ఆ దేశాల్లోనే ఉంది. ట్యాంకరు గట్టు దగ్గరే ఆగుతుంది. అక్కడి నుంచి పంపుతో, పొడుగాటి గొట్టం ద్వారా స్లర్రీ చేలోకి పోతుంది. చేలో తిరిగేది చల్లే పరికరమున్న ట్రాక్టరు, దాని వెనక ఈడ్చుకుపోయే గొట్టం. ఇరవై టన్నుల బరువు చేలో దిగనే దిగదు. దూరంగా, ముక్కలుముక్కలుగా ఉన్న చేలకు ఇది కుదరదు. గొట్టం పరచడానికి, చుట్టడానికి మనుషులూ సమయమూ కావాలి. కుదిరినచోట మాత్రం దీనికి సాటివచ్చే ఇరుసు లేదు.

మన వైపు స్లర్రీ ట్యాంకర్లు లేవు. కాని చక్రం, బరువు, తడి - ఈ మూడూ మన దగ్గరా ఉన్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు చేలోనే మినుము, పెసర చల్లడం ఆనవాయితీ. ఆ మిగులు తడికి మొలకెత్తి, మంచుకే పండే పంట అది. చేత్తో కోసిన రోజుల్లో మనిషి కాలు పడినచోట మొలక మళ్లీ లేచేది. కోతమిషను దిగాక గాళ్లలో మొలకే మిగలదు. అందుకని చాలామంది మిషను పోయాక విత్తుతున్నారు, అప్పటికి తడి సగం పోతుంది. తుపాను వానలు పడిన ఏడు ఇంకా అన్యాయం. నీళ్లు తీయకుండానే చైను మిషను దించుతారు. చైను టైరు కంటే నయమే, పైన బరువు పరుస్తుంది. కాని చైను లోపలి రోలర్ల కింద ఒత్తిడి గుచ్చినట్టు పడుతుంది, యంత్రం మొత్తం బరువు లోపలి నేలకు ఎటూ తప్పదు.

దీనిలో ఒక తేడా గమనించాలి. వరికి దమ్ము చేసేదే అడుగున గట్టి పొర ఏర్పడాలని, నీరు నిలవాలని. కాబట్టి ఆ పొర కనబడగానే సబ్‌సాయిలర్ తెచ్చి చీల్చమని సలహా ఇచ్చేవాళ్ల మాట గుడ్డిగా వినరాదు. వరి చేలో అది చీలిస్తే నీరు నిలవదు. తడినేలలో లాగితే అది చీల్చదు, కోసుకుంటూ పోతుంది. మెట్టచేలల్లో, నల్లరేగడిలో, ఎండిన నేలలో దాని పని వేరు.

డబ్బు సంగతి కూడా అక్కడిలాగే ఉంది. మిషను అద్దె గంటకు. యజమానికి ఎన్ని ఎకరాలు తిరిగితే అంత లాభం, తడి ఆరేదాకా ఆగడు. చాలాచోట్ల సాగు చేసేది కౌలురైతు, కాగితం లేని ఏడాది కౌలు. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియని వాడు మూరెడు లోతున నేల సంగతి ఎట్లా పట్టించుకుంటాడు? భూస్వామి పట్నంలో ఉంటాడు. కోతకూలి పోగొట్టుకున్న వాళ్లు గట్టు మీద నిలబడి చూస్తుంటారు. ఆ నేలను కాలికింద తడిమి తెలుసుకున్నది వాళ్లే, అడిగేవాడే లేడు.

అడగకపోయినా చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. ధాన్యం ట్రాలీని చేలోకి రానివ్వకూడదు. మూడు నాలుగు టన్నుల ధాన్యం, సన్నటి టైర్లు, రోడ్డు గాలి - ఆ ఇరుసు మిషను కంటే లోతుగా కోస్తుంది. మిషనే గట్టు దగ్గరికి వచ్చి ధాన్యం దింపుకోవాలి. చేలో తప్పక తిరగాల్సివస్తే ఒకే దారిలో తిరగాలి. కోతకు పది పన్నెండు రోజుల ముందే నీళ్లు తీసేయడానికి బోదె కాలువలు బాగుండాలి, ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని. మిషను దించబోయే ముందు జానెడున్నర లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, అరచేతుల మధ్య తాడులా పేనాలి. సన్నగా, తెగకుండా తాడు వచ్చిందంటే ఆ నేల ఇంకా పచ్చిగా ఉన్నట్టు. పొడిగా చిట్లితే దించవచ్చు.

మిషను పోయాక గాడిలో ఒకచోట, గాడికి దూరంగా మరోచోట గడ్డపలుగు నిలువుగా దించి చూడండి. రెండుచోట్లా ఒకే మనిషి, ఒకే బలంతో దించాలి. పలుగు ఆగిన చోట సుద్దతో గీత పెట్టి, రెండు గీతల మధ్య తేడా కొలిచి, మిషను యజమాని ముందూ, చేను యజమాని ముందూ పెట్టవచ్చు.